పట్టూ విడుపూ

ట్రాక్టరు క్లచ్చి గొడవ మనకెందుకని పేజీ తిప్పబోయేవారికి ముందుగా ఒక మనవి. మీ ఇంట్లో ట్రాక్టరు లేకపోవచ్చు. కాని మీ పుట్టింట్లోనో, అత్తవారింట్లోనో, పెదనాన్నగారి దొడ్లోనో ఒక పాతది వుండే వుంటుంది. దాన్ని తోలే కుర్రవాడు మీకు ఏదో ఒక వరస అవుతాడు. అందుచేత ఈ వారానికి కాస్త ఓపిక పట్టండి.

మా వింజమూరు మెట్ట ప్రాంతం. ఇటు ఉదయగిరి కొండ మొదలు అటు ఆత్మకూరు దాకా వానకోసం మొగమెత్తి చూసే చేలే ఎక్కువ. సోమశిల నీళ్లు అందే ఊళ్ల అదృష్టం వేరు. పొగాకు పండితే కలిగిరి వేలానికి తోలుకుపోవాలి, ఆ ధర ఎలా వుంటుందో ఆ దేవుడికే ఎరుక. ఇటువంటి చోట కొత్త ట్రాక్టరు కొనడమంటే ఇంట్లో మరో పెళ్లి చేసినంత పని. అందుకే పాతవాటిని బాగుచేసుకుంటూ నెట్టుకొస్తారు. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ అంత పాతదేమీ కాదు. 1959లో ఫరీదాబాదులో ఐషర్ మొదటి ట్రాక్టరు తయారయింది. 1960లో మద్రాసులో టాఫే ఏర్పడింది. 1971లో పింజోరులో హెచ్.ఎం.టి. వారు మొదలుపెట్టారు. ఆ హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగాన్ని మూసివేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం కూడా తెలిపింది. ఆ విభాగం పోయింది గాని, దాని ట్రాక్టర్లు ఇంకా అక్కడక్కడా దున్నుతూనే వున్నాయి.

క్లచ్చికి తెలుగేమిటని తరగతిలో ఒక కుర్రవాడు నన్నడిగాడు. మేష్టరును ఇరుకున పెట్టాలని అడిగాడు లెండి. కాని ఆ మాట మన నోట్లో ఎప్పుడూ ఆడుతున్నదే: పట్టువిడుపు. ఇంజను తిరుగుతూనే వుండాలి, చక్రాలు మాత్రం మనం కావాలన్నప్పుడు ఆగాలి, కావాలన్నప్పుడు కదలాలి. ఇంజను వెనుక ఫ్లైవీలనే బరువైన ఇనుప చక్రం వుంటుంది. దానికి ఆనుకుని, రెండు ముఖాలకూ లైనింగు వున్న పళ్లెంవంటి క్లచ్ ప్లేటు. ఈ ప్లేటు గేరుబాక్సు షాఫ్టు మీది గాళ్లలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాని వెనుక ప్రెషర్ ప్లేటు గట్టి స్ప్రింగుల బలంతో ప్లేటును ఫ్లైవీలుకేసి నొక్కి పెడుతుంది. పెడలు తొక్కితే ఒక బేరింగు వచ్చి ఫింగర్లనే మూడు మీటలను నొక్కుతుంది, ప్రెషర్ ప్లేటు వెనక్కి పోతుంది, పట్టు విడుస్తుంది. కాలు తీస్తే మళ్లీ పట్టు. ఆ పట్టేముందు క్షణకాలం కొద్దిగా జారాలి. అలా జారుతూ జారుతూ పట్టుకుంటేనే బండి మెత్తగా కదులుతుంది.

దీనికి వచ్చే జబ్బులు మూడు. ప్లేటు జారిపోతే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. పూర్తిగా విడవకపోతే గేరు వేసేటప్పుడు పళ్లు కరకరమంటాయి. మూడోది, ఉన్నట్టుండి పట్టేయడం. కొత్త కోడెను కాడికి కట్టి అదిలించినట్టు బండి ఒక్క దూకు దూకుతుంది. మొదటి రెండూ డబ్బుకు చేటు. మూడోది ప్రాణానికి చేటు.

మా పెద్దక్కయ్యగారి ట్రాక్టరుకు పట్టింది ఈ మూడో జబ్బే. బావ తోలినన్నాళ్లూ అది బయటపడలేదు. ముప్పై ఏళ్ల అలవాటు గనుక ఆయన కాలు వెంట్రుకవాసి చొప్పున పైకి తీసేవాడు. మా మేనల్లుడికి ఇరవై ఏళ్లు. ట్రైలరు నిండా ఎర్రమట్టితో చెరువుకట్ట ఎక్కుతూ మధ్యలో ఆపి, మళ్లీ కదిలించబోయాడట. ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. వాడు క్లచ్చి అదిమి తొక్కాడు గనుక దబ్బున కింద పడ్డాయి. చూసినవాళ్లు ఇంటికొచ్చి చెప్పారు. ఆ రాత్రి అక్కయ్య అన్నం ముట్టలేదు. "దున్నినా దున్నకపోయినా సరే, దాన్ని ఎవరికైనా ఇచ్చేయండి" అని కూర్చుంది. "ఇచ్చేస్తే దుక్కి ఎవరు చేస్తారే?" అంటాడు బావ. తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను పిలిపించింది ట్రాక్టరు బాగుచేయడానికి కాదు, ఈ తగువు తీర్చడానికి.

అక్కయ్య భయం ఉత్త భయం కాదు. వెనుక చక్రాలు కదలలేనంత భారం మీద క్లచ్చి ఒక్కసారిగా పట్టిందనుకోండి. ఆ బలం ఎక్కడికో అక్కడికి పోవాలి గదా! చక్రం తిరగలేదు, అందుకని బండి మూతే వెనుక ఇరుసు చుట్టూ పైకి తిరుగుతుంది. ఎత్తు మీద అయితే మరీ సులువు. ట్రాక్టరు వెల్లకిలా పడడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. తోలేవాడు ఆలోచించుకునే వ్యవధి వుండదు. పాతవాటికి తల మీద కాపుగా వుండే ఇనుప కమ్మీ కూడా వుండదాయె.

అప్పటికే ఊళ్లో ఒకాయన మూడుసార్లు రాడ్డు తిప్పి వెళ్లాడు. నేను వెళ్లినరోజు వింజమూరునుంచి మెకానిక్ భాయి వచ్చాడు. ఆయన పద్ధతి నాకు నచ్చింది. పానా తీయలేదు, ముందు ప్రశ్నలు వేశాడు. "పొద్దున చల్లగా వున్నప్పుడు కొడతాదా, వేడెక్కినాకనా?" "వేడెక్కినాక ఎక్కువ" అన్నాడు మేనల్లుడు. వానకాలమంతా కదలకుండా నిలబెట్టిన ట్రాక్టరయితే ప్లేటుకు తుప్పు పట్టి పొద్దునపూట గుంజుతుంది, నాలుగుసార్లు తోలితే ఆ తుప్పు రాలిపోతుంది. వేడెక్కినాక ఎక్కువయితే ఆ కథ వేరు.

తర్వాత చేత్తో పెడలు నొక్కి చూశాడు. పైనుంచి కొంతదూరం పెడలు తేలిగ్గా దిగాలి, ఆ తర్వాతే బరువు తగలాలి. ఈ తేలిక దూరాన్ని ఫ్రీప్లే అంటారు. పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఇంచుమించు ఒక అంగుళం. సరయిన కొలత ఆ కంపెనీవారి పుస్తకంలో చూసుకోవాలి. ఫ్రీప్లే బొత్తిగా లేకపోతే బేరింగు ఎప్పుడూ ఫింగర్లను రాస్తూనే వుంటుంది, ప్లేటు జారి జారి కాలి, లైనింగు అద్దంలా నునుపెక్కుతుంది. పెడలు మీద కాలు ఆనించి తోలేవారు చేసేదీ ఇదే. మరీ ఎక్కువయితే పట్టు సరిగా విడవదు, పట్టడం కూడా నేలదగ్గర రెండంగుళాలలోనే జరిగిపోతుంది. సరిచేయడం కష్టమేమీ కాదు. లాకునట్టు వదులుచేసి, పిన్ను తీసి, రాడ్డు చివరి ఫోర్కును ఒకటి రెండు చుట్లు తిప్పి, మళ్లీ బిగించి చూడడమే. పెడలు ఇరుసుకు గ్రీజు లేకపోయినా ఇదే బాధ వస్తుంది. మనం కాలు మెల్లగానే తీస్తాం, పెడలు మాత్రం ఒకచోట బిగుసుకుని టక్కున వదులుతుంది. వేలెడు గ్రీజుతో పోయే రోగానికి వేలకు వేలు పోసినవారున్నారు.

మా బావ ట్రాక్టరుకు ఫ్రీప్లే సరిగ్గానే వుంది, పెడలూ మెత్తగానే వుంది. భాయి బండి కిందికి దూరాడు. క్లచ్చి వుండే డొల్ల అడుగున ఒక చిన్న రంధ్రం వుంటుంది. లోపల నూనె కారితే బయటికి పోవడానికి పెట్టిన దారి అది. బురదా గ్రీజూ కలిసి గట్టిపడి అది మూసుకుపోయింది. తీగతో పొడిచాడు. నల్లటి నూనె టీగ్లాసులో సగం దాకా కారింది. వేలితో రాసి, వాసన చూసి, "అయ్యోరా, ఇది రాడ్డు తిప్పితే పొయ్యే రోగం కాదు. ఇంజను సీలు పోయింది" అన్నాడు. పల్చగా నల్లగా వుంటే ఇంజను నూనె, అంటే వెనుక సీలు పోయినట్టు. చిక్కగా ఘాటు వాసనతో వుంటే గేరుబాక్సు నూనె, అంటే షాఫ్టు సీలు పోయినట్టు. నూనె తగిలిన లైనింగు ఒకచోట జారుతుంది, ఒకచోట కరుచుకుంటుంది. పెట్రోలుతో కడిగినా, నిప్పుపెట్టి కాల్చినా నాలుగు రోజుల ముచ్చటే.

కారుకయితే ఇంజను కింది రబ్బరు దిమ్మలు కూడా అనుమానించాలి. ఈ పాత ట్రాక్టర్లకు ఆ బాధ లేదు, ఇంజనూ గేరుబాక్సూ బోల్టులతో బిగించి వుంటాయి, అవే దాని వెన్నెముక. అందుకే క్లచ్చి చూడాలంటే బండిని నడుముదగ్గర రెండుగా విడదీయాలి. ఇది ఇంటి దొడ్లో చేసే పని కాదని నా గట్టి అభిప్రాయం. ముందు ఇరుసుకు రెండు పక్కలా కొయ్య చీలికలు దిగ్గొట్టకపోతే విడదీసిన ఇంజను పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. జాకీని ఒక్కదాన్నే నమ్మకూడదు, కింద దిమ్మలు వుండాలి.

విడదీసి చూస్తే లైనింగు నల్లగా మెరుస్తున్నది. ఫ్లైవీలు మీద కాలిన నీలిమచ్చలున్నాయి. మూడు ఫింగర్లలో ఒకటి మిగతావాటికంటె దిగివుంది. మూడూ ఒక్క ఎత్తులో లేకపోతే ప్లేటు ఒక పక్క ముందు, ఒక పక్క తర్వాత పట్టి వణుకుతుంది. దుమ్ము పోగొట్టడానికి కుర్రవాడొకడు గాలిగొట్టం అందుకుంటే మా మేనల్లుడు చప్పున ఆపాడు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాసు వుండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సరు దాకా రావచ్చు. తడిగుడ్డతో తుడిచారు. వాడి చదువు ఆపాటి పనికొచ్చినందుకు నాకు సంతోషం కలిగింది.

ఫ్లైవీలు నెల్లూరు లేతుకు వెళ్లి వచ్చింది. గిన్నెలాంటి ఫ్లైవీలయితే లోపలి ముఖం ఎంత తీస్తారో, కవరు కూర్చునే అంచు కూడా అంతే తీయాలి, లేకపోతే స్ప్రింగుల బలం తగ్గిపోతుంది. సీలు మార్చారు. ప్లేటు దగ్గర మాత్రం తగువొచ్చింది. అంగట్లో బొత్తాముల్లాంటి దిమ్మలున్న ప్లేటు చూపించి, ఇది ఎక్కువకాలం మన్నుతుందన్నారు. మేనల్లుడు అదే కావాలన్నాడు. వేడికి అది తట్టుకునే మాట నిజమే, కాని దాని స్వభావమే చటుక్కున పట్టడం. "ఏ రోగానికి వచ్చినామో ఆ రోగాన్నే కొనుక్కుంటావా అబ్బయ్యా?" అన్నాడు భాయి. లైనింగు ప్లేటే వేశారు. షాఫ్టు గాళ్లకు గ్రీజు రాసీరాయనట్టు రాశాడు. ఎక్కువయితే తిరిగేటప్పుడు అది ఎగజిమ్మి మళ్లీ లైనింగుకే అంటుకుంటుంది.

బిగించాక ఖాళీ బండిని చదునునేల మీద, ఇంజను నెమ్మదిగా తిరుగుతూ వుండగా, పదిసార్లు ఆపి కదిలించి చూశారు. ఆ తర్వాతే ట్రైలరు తగిలించారు. అక్కయ్య ఒక షరతు మీద మెత్తబడింది. నిండు ట్రైలరుతో కట్ట ఎక్కేటప్పుడు ఈ ఏడాదికి బావే తోలాలి. మేనల్లుడు మూతి ముడిచాడు. ఆ తీర్పు నాకు న్యాయంగానే తోచింది, మార్చమని చెప్పలేదు. వాడికి భాయి చెప్పినవి మీవాళ్లకూ చెప్పండి. గేరు కట్ట కిందనే వేసుకుని బయల్దేరాలి, ఎత్తు మధ్యలో ఆపకూడదు. గొలుసు ఎప్పుడూ కింది కొక్కేనికే తగిలించాలి, ఇరుసుకంటె ఎత్తున తగిలిస్తే మూతి లేవడం ఖాయం. బురదలో దిగబడితే ముందుకు గుంజులాడక వెనక్కు రావాలి. మూతి లేస్తున్నదనిపిస్తే మొదట తొక్కవలసింది క్లచ్చి, బ్రేకు తర్వాత.

దుక్కులు అయిపోయి నెలల తరబడి నిలబెట్టేటట్టయితే, పెడలును పూర్తిగా అదిమి ఒక కొయ్యముక్క అడ్డం పెట్టి వుంచండి. ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుని తుప్పుపట్టకుండా వుంటుంది. తోలబోయేముందు ఆ కొయ్యముక్క తీయడం మరవకండి.