సంతకం పెట్టాక...

మొన్న రామగిరి మండలంలోని మా సెంటినరీ కాలనీలో పక్క క్వార్టరావిడ వచ్చి కూర్చుంది. మెడలో పసుపుతాడు. కూతురి ఫీజు కోసం పుస్తెలతాడు కుదువ పెట్టారట. వడ్డీ కట్టలేదు, వేలం నోటీసు వచ్చింది. "సంతకం పెట్టినం గదక్కా, ఇగ అది వాళ్లదే" అంది. నోటీసు తెమ్మన్నాను. చూస్తే వేలానికి ఇంకా పన్నెండు రోజులుంది!

సంతకం పెట్టేటప్పుడు ఏమీ కాదులే అనుకుంటాం. పెట్టాక అంతా అయిపోయిందనుకుంటాం. రెండూ పొరపాటే.

కుదువ పెట్టినంత మాత్రాన బంగారం వాళ్ల సొంతమైపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అది అప్పుకు హామీ, అంతే. గడువు దాటితే ముందుగా తెలియజేసి అమ్ముకోవచ్చు. కానీ అమ్మకం జరిగేదాకా బాకీ, ఖర్చులు కట్టి విడిపించుకునే హక్కు మనది. అమ్మగా బాకీ పోను మిగిలిన పైకమూ మనదే. తక్కువపడితే ఆ తక్కువా మనదే. ఈ ఆఖరి మాట మాత్రం కౌంటరు దగ్గర ఎవరూ నోరు విప్పి చెప్పరు.

జామీను సంతకం ఇంకా గడుసుది. అప్పు తీసుకున్నవాడిని అడక్కుండానే జామీనుదారు మీదికి రావచ్చు. మన బావుల దగ్గర కొందరు ఖాళీ ప్రామిసరీ నోటు మీద కూడా సంతకం చేసేస్తారు. స్టాంపు అంటించిన ఖాళీ నోటిస్తే, నింపుకోమని అనుమతిచ్చినట్టే చూస్తుంది చట్టం.

ఇతరులకు చెబుతున్నాను గానీ, డిగ్రీ చదివిన నేనేం చేశాను? ఇంటి రుణానికి ఆయన వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, బాకీ మొండిపడితే అరవై రోజుల నోటీసిచ్చి, కోర్టులో దావా వేయకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చని తర్వాత తెలిసింది. అభ్యంతరముంటే స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. బాకీ పూర్తిగా తీరితే 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన. అది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

పక్కింటావిడ చిట్టీ పాడి, వేలానికి మూడ్రోజుల ముందు డబ్బు కట్టింది. పుస్తెలతాడు తెచ్చుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. "రశీదు తీసుకున్నవా?" అంటే కొంగుముడి విప్పి చూపించింది.

ఆ రాత్రి బీరువాలోంచి మా ఇంటి కాగితాలు తీశాను. ఇరవై రెండు పేజీలు. ఇంకా ఏడో పేజీలో ఉన్నాను.