తాళపుచెవులు ఎవరి దగ్గర?



మన గ్రామాలలో మంచి పనులు మొదలుపెట్టేవారికి కొదువ లేదు. ఒకరు తల్లిదండ్రులు లేని పిల్లలకు హాస్టలు పెడతారు, ఒకరు దిక్కులేని వృద్ధులకు ఆశ్రమము కడతారు, మరొకరు స్త్రీలకు కుట్టుపని నేర్పిస్తారు. పదేళ్లు ఊరంతా మెచ్చుకొంటుంది. మొదలుపెట్టిన పెద్దాయన మంచము పట్టినప్పుడు చిక్కు వస్తుంది. బీరువా తాళపుచెవి ఆయన దగ్గరే. చెక్కుల మీద సంతకము ఆయనదే. స్థలము కాగితాలు ఎవరి పేర ఉన్నవో ఎవరికీ తెలియదు. ఆయన కన్నుమూసిన తరువాత కుమారులు ఒక ప్రక్కకు, కమిటీవారు మరొక ప్రక్కకు లాగుతారు. చివరకు పిల్లలు పెట్టెలు సర్దుకొని వెళ్లిపోతారు. సేవాసంస్థలను నడిపించే తీరును గూర్చి ఈ నెల మాట్లాడదలచితిమి.

ఇందుకు మనలో చాలామందికి తెలిసిన సంస్థనే చూద్దాము. జబ్బు ముదిరితే "రాయవేలూరు తీసుకొని వెళ్లండి" అనే మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినలేదు! ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టారు. అమెరికాలోని కోర్నెల్ వైద్య కళాశాలలో 1899లో పట్టా పొంది, 1900 ఆరంభములో తిరిగి వచ్చి, వేలూరులో ఒక్క మంచముతో వైద్యము మొదలుపెట్టారు. 1902 నాటికి 40 పడకల ఆసుపత్రి లేచింది.

అయితే రోగులు వందలు, వైద్యురాలి చేతులు రెండే. ఇక్కడే ఆమె నాయకత్వము తెలుస్తుంది. అన్నీ తానే చేయాలని ఆమె పంతము పట్టలేదు. ఆసుపత్రికి రాలేని వారి కొరకు పల్లెదారుల ప్రక్కన, చెట్ల నీడన వైద్యము చేసే ఏర్పాటు చేశారు. 1909లో నర్సుల పాఠశాల తెరిచారు. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టబోతుంటే, ముగ్గురు అమ్మాయిలు వచ్చినా గొప్పే అని కొందరు తీసిపారేశారు. మొదటి సంవత్సరమే 151 దరఖాస్తులు వచ్చాయి. క్రొత్త పద్ధతి అంటే క్రొత్త యంత్రమే కానక్కరలేదు. తన చేతిలోని విద్యను మరొకరి చేతిలో పెట్టడము ఆనాటికి పెద్ద క్రొత్తదనము.

రెండవ సంగతి, ఆ వైద్య పాఠశాల ఒక్క మిషనుది కాదు. పలు మిషన్లు కలిసి నడిపినది. పోనుపోను అనేక సంఘాల ప్రతినిధులు కూర్చుండే కౌన్సిలు దాని పెద్దరికము వహించింది. స్కడర్ కుటుంబములో వైద్యులకు కొదువ లేదు. తాత వైద్యుడు, తండ్రి వైద్యుడు, ఆమె తరువాతి తరములోను వైద్యులున్నారు. అయినను సంస్థ ఆ కుటుంబపు ఆస్తి కాలేదు.

మూడవది అన్నిటికంటె కష్టమైనది. 1930ల చివరలో మద్రాసు రాష్ట్రములో వైద్య చదువుల నియమాలు మారాయి. డిప్లొమా చదువులు ఇక చాలవు, విశ్వవిద్యాలయపు డిగ్రీ ఉండాలి. అందుకు ఎక్కువ పడకలు, ఎక్కువ మంది ఆచార్యులు, చాలా ధనము కావాలి. అప్పటికి ఆమె వయస్సు డెబ్బదికి దగ్గర. సంఘాలన్నీ కలిసి ఒకే కళాశాలను నిలబెట్టాలంటే పురుషులను కూడ చేర్చుకోవాలి అనే ఆలోచన వచ్చింది. ఏళ్ల తరబడి అమెరికాలో చందాలు పోగుచేసిన లూసీ పీబాడీ వంటి స్నేహితులు దీనిని గట్టిగా ఎదిరించారు. స్త్రీల కొరకు స్త్రీలు ఇచ్చిన ధనము గదా, వారి అభ్యంతరము తేలికైనది కాదు. ఐడా స్కడర్ కూడ స్త్రీల కొరకే ఆ పాఠశాల కట్టినవారు. చివరకు ఆమె తన పద్ధతి కంటె పని నిలవడము ముఖ్యమని మార్పుకు ఒప్పుకొన్నారు. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు మొదలైంది, 1947లో పురుష విద్యార్థులు చేరారు, స్త్రీల చదువు ఆగలేదు.

1946లో ఆమె విశ్రాంతి తీసుకొన్నారు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి ఏళ్లలో ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరు అయినవారు మన విశాఖపట్నములో 1890లో పుట్టిన డాక్టరు హిల్డా లాజరస్. 1961లో ఆమెకు పద్మశ్రీ లభించింది. స్థాపకురాలు 1960 వరకు బ్రతికే ఉన్నారు. పదునాలుగేళ్లు తన కన్నుల ఎదుటనే ఇతరులు ఆ పనిని నడుపుతుంటే చూశారు.

ఇక మన సంస్థల మాటకు వద్దాము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2001 నాటి సొసైటీల చట్టము ప్రకారము సంస్థను రిజిస్టరు చేయుటకు కనీసము ఏడుగురు కావాలి. భార్య, కొడుకు, కోడలు, బావమరిది, వారి చుట్టాలతో ఏడు సంఖ్య నింపుట సులువే. కాగితము మీద లెక్క సరిపోతుంది. కాని పెద్దాయన పొరపాటు చేసిన రోజున "ఇది తగదండీ" అని చెప్పగలవారు ఆ ఏడుగురిలో ఉన్నారా? లేకుంటే అది కమిటీ కాదు, కుటుంబ భోజనము.

పైనుండి వచ్చే సహాయము కూడ ఇదివరకటివలె లేదు. 2020లో విదేశీ విరాళాల చట్టమును సవరించిన తరువాత, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ ధనమును మరొక సంస్థకు పంచి ఇవ్వడానికి వీలులేదు. ఆ ధనములో పాలన ఖర్చులకు వాడదగినది నూటికి 50 నుండి 20కి తగ్గింది. పెద్ద సంస్థల చేయి పట్టుకొని నడచిన చిన్న సంస్థలు ఇప్పుడు ఊరివారి కానుకల మీద ఆధారపడాలి. ఊరివారు ఇస్తారు, అయితే లెక్క అడుగుతారు, అడగాలి కూడ.

"లెక్క అడగడమంటే నమ్మకము లేకపోవడమే గదా" అని కొందరు నొచ్చుకొంటారు. యెరూషలేములోని బీదల కొరకు చందా పోగుచేసిన అపొస్తలుడైన పౌలును చూడండి. ఆ ధనమును ఒంటరిగా మోసుకొనిపోలేదు. ఎవరును నింద మోపకుండునట్లు సంఘములు ఏర్పరచినవారిని వెంట ఉంచుకొన్నాడు. పౌలుకు అక్కరైన జాగ్రత్త మనకు అక్కరలేదా?

"మాది చిన్న ఊరు, చదువుకొన్నవారు లేరు" అనే మాట కూడ వింటున్నాము. మన ఊరి పొదుపు సంఘాల అక్కచెల్లెండ్రను అడగండి. క్రమముగా సమావేశము, పొదుపు, అప్పులివ్వడము, సకాలములో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు వారికి తెలుసు. వ్రాత రానివారు సహితము ఎవరు ఎంత కట్టారో నోటితో చెప్పగలరు, ఎందుకంటే లెక్క అందరి ఎదుట జరుగుతుంది. అటువంటి ఇద్దరు స్త్రీలను మన కమిటీలో కూర్చుండబెడితే సగము చిక్కులు తీరిపోతాయి.

కాబట్టి ఈ సంవత్సరపు సర్వసభ్య సమావేశములో నాలుగు సంగతులు అడుగుడని మా మనవి. స్థలము దస్తావేజు సంస్థ పేర ఉన్నదా? బ్యాంకులో బంధువులు కాని ఇద్దరి సంతకాలు ఉన్నవా? ఆడిటరు చూచిన లెక్కను అందరికీ తెలుగులో చదివి వినిపించారా? నాయకుడు ఆరు నెలలు లేకున్నను పని నడిపించగలవారు ఎవరు? జవాబులను మినిట్సు పుస్తకములో వ్రాయించండి.

సంస్థలను స్థాపించిన పెద్దలకు ఒక మాట. మీ కష్టము వలననే ఎందరో పిల్లలు అన్నము తిన్నారు. ఆ ఋణము ఊరు తీర్చుకోలేనిది. ఈ సంవత్సరమే మీ పనులలో ఒకటి ఒక యౌవనస్థునికో యౌవనస్థురాలికో పూర్తిగా అప్పగించండి. వారు మీరు చేసినట్టు చేయకపోవచ్చు. తప్పు చేస్తే చెప్పండి గాని, తాళపుచెవిని తిరిగి తీసుకోవద్దు.