జామ్ పండు కాదు నాయనా!

మొన్న సెలవులకి బెంగుళూరు నుంచి అనంతపురం వెళ్తూ నాయనకి ఒక జామ్ సీసా పట్టుకెళ్ళా. ఆయనకి పదేళ్ళుగా షుగర్. సీసా మీద పెద్దక్షరాలతో "చక్కెర కలపలేదు, పండులోని తీపి మాత్రమే" అని ఉంది. చదువుకున్నోణ్ణి కదా, నమ్మేశా!

"పండే కదప్పా, ఏమయితాది" అంటూ నాయన పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కలకి దట్టంగా పూసుకుని తిన్నాడు. పరగడుపున 132 ఉన్నింది. రెండు గంటలాగి మీటర్లో చూస్తే 241.

అప్పుడు సీసా తిప్పి వెనక చిన్నక్షరాలు చదివా. చక్కెర లేదు, నిజమే. దాని బదులు పళ్ళరసం కాన్‌సంట్రేట్ ఉంది. అంటే పళ్ళరసంలో నీళ్ళు తీసేయగా మిగిలిన చక్కెర పాకమే! కాన్‌సంట్రేట్‌తో తీపి చేసి "చక్కెర కలపలేదు" అనకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నియమాల్లోనే ఉంది. ఎవరిక్కావాలి?

సరే, లెక్కేద్దాం. మన నిబంధనల ప్రకారం జామ్‌లో కరిగే ఘనపదార్థాలు కనీసం 65 శాతం ఉండాలి. అందులో చాలావరకు చక్కెరలే. అంటే 20 గ్రాముల జామ్‌లో, ఒక పెద్ద చెంచాడన్నమాట, దాదాపు 12 గ్రాములు. 100 గ్రాముల నారింజ తొనల్లోనూ 9 గ్రాముల దాకా ఉంటుంది. కానీ దాంతోపాటు పీచుంది, బోలెడు నీళ్ళున్నాయి, నమిలే పనుంది. అందుకే మెల్లగా ఎక్కుతుంది.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ 241 పాపం జామ్‌ది ఒక్కదానిదే కాదు. జామ్ గ్లైసీమిక్ ఇండెక్స్ 50 దగ్గరుంటే తెల్ల బ్రెడ్డుది 75 దగ్గరుంటుంది. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ మీటర్లో అంకెని పెద్దగా పెంచదు. బ్రెడ్డులోని పిండి అరిగితే మొత్తం గ్లూకోజే.

"చూశావా, జామే నయం" అనకండి. ఆ ఫ్రక్టోజ్ లివర్‌కి పోతుంది, ఎక్కువైతే కొవ్వవుతుంది. లాగ్‌లో ఎర్రర్ రాలేదు కాబట్టి బగ్ లేదంటే మా మేనేజర్ కూడా ఒప్పుకోడు!

నాకు అసలు మండేది ఇంకోటుంది. మాది చీనీ తోటల జిల్లా. ధర పడిపోయిన ఏడు రైతు కాయల్ని మార్కెట్ యార్డులో అడిగినకాడికి ఇచ్చేసి పోతాడు. అదే ఊళ్ళో షుగరున్న పెద్దాయన చీనీ పండంటే భయపడి, పండు బొమ్మేసిన సీసాని మాత్రం ధైర్యంగా ఖాళీ చేస్తాడు. ఆ ధైర్యం ఇచ్చింది లేబులు. దాన్ని ఇంటికి మోసుకెళ్ళింది నాలాంటోళ్ళు.

చీనీలు బుట్టెడు తినమనట్లేదు. ఒకటి చాలు, అదీ జ్యూసు కాదు, తొనలు. కంపెనీలకి నేనడిగేదీ ఒకటే: చెంచాకి ఎన్ని గ్రాముల చక్కెరో సీసా ముందువైపు, పండు బొమ్మంత పెద్దగా వేయండి.

వాళ్ళు వేసేదాకా మీరే సీసా తిప్పి చదవండి. నేను తిప్పలేదు, నాయన తిన్నాడు.