సోన్‌బాయి ఒక్కతే కాదు

మన సంఘాల శిక్షణా శిబిరాల్లో సినిమా వెయ్యాలంటే చేతికి ముందుగా వచ్చేది ‘మిర్చ్ మసాలా’. వీసీఆర్ అద్దెకు తెచ్చుకున్న రోజుల నుంచీ ఇదే తంతు. సుబేదారు ముఖాన కారం చల్లడం, చేతిలో కొడవలితో నిలబడ్డ సోన్‌బాయి, చప్పట్లు. తర్వాత చర్చ. స్మితా పాటిల్ అంటే మనలో చాలామందికి ఆ ఆఖరి దృశ్యమే. ఆ సినిమా మీద నాకు కోపం లేదు. కానీ స్మిత నటించిన గొప్ప పాత్రల్లో అది మొదటిది కాదని, మన పనికి ఎక్కువ అక్కరకొచ్చేది అంతకన్నా కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

స్మిత 1955 అక్టోబర్ 17న పూనాలో పుట్టింది. తండ్రి రాజకీయాల్లో ఉన్నవాడు, తల్లి సంఘసేవకురాలు. బొంబాయి దూరదర్శన్‌లో మరాఠీ వార్తలు చదువుతుండగా శ్యామ్ బెనెగల్ కంట్లో పడింది. 1975 నుంచి 1986 దాకా, పదకొండేళ్ళలో, సుమారు 80 సినిమాలు. బొంబాయిలోని విమెన్స్ సెంటర్‌లో సభ్యురాలు కూడా. 1986 నవంబర్ 28న కొడుకు పుట్టాడు. డిసెంబర్ 13న, పురుడు వచ్చి పదిహేను రోజులకు, 31 ఏళ్ళకి చనిపోయింది. ఆమె మీద రాసినవాళ్ళు ‘అకాల మరణం’ అని ఊరుకుంటారు. మనం ఆరోగ్య కార్యకర్తల భాషలో చెప్పుకుంటే అది బాలింత మరణం. డబ్బు, పేరు, మహానగరంలోని వైద్యం అన్నీ ఉన్న మనిషికి కూడా జరిగింది. ఆమె చనిపోయాక, 1987లో, ‘మిర్చ్ మసాలా’ విడుదలైంది. ఆ సినిమాకు వచ్చిన ఖ్యాతిలో ఈ దుఃఖానికీ కొంత వాటా ఉంది.

ఆ కథ మనకందరికీ తెలుసు. స్వాతంత్ర్యానికి ముందు గుజరాత్ పల్లె. పన్ను వసూలుకొచ్చిన సుబేదారు సోన్‌బాయిని కోరతాడు. ఆమె చెంప పగలగొట్టి కారం కార్ఖానాలోకి పరిగెడుతుంది. ముసలి కాపలాదారు అబూ మియా తలుపులు వేసేస్తాడు. ఈ సినిమాలో నాకు నచ్చేది కారం చల్లడం కాదు, అంతకు ముందు జరిగేదంతా. ఊరి పెద్దలు కూడబలుక్కుని ఒక్క ఆడదాన్ని అప్పగిస్తే మిగతావాళ్ళు బతుకుతారని తీర్మానిస్తారు. లోపలున్న ఆడకూలీలే సోన్‌బాయిని ‘నీ వల్ల మాకెందుకు ఈ గతి’ అని సాధిస్తారు. ఆ గొణుగుడు మన ప్రతి సంఘంలోనూ విన్నదే. ముఖి భార్య సరస్వతి ఊరి ఆడవాళ్ళని పోగేసి కంచాలు మోగిస్తూ వీధిలోకి రావడం నా దృష్టిలో కారం కన్నా పెద్ద సంగతి. కానీ శిబిరంలో ఎవరికీ అది గుర్తుండదు.

ఒకసారి సినిమా అయిపోయాక ఒక పెద్దామె, మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే మనిషి, ‘మర్నాడు ఏమైందమ్మా?’ అని అడిగింది. మర్నాడు పటాలం రాదా, ఊరు తగలబెట్టరా, అని. మాలో ఎవరికీ నోరు పెగల్లేదు. సినిమా ‘మర్నాడు’ చూపించదు. మన పనంతా మర్నాడే కదా! కేసు పెట్టిన మర్నాడు, ఇంట్లోంచి బయటికొచ్చిన మర్నాడు, సమ్మె విరమించిన మర్నాడు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు చీపుళ్ళూ కారమూ పట్టుకుని సారా దుకాణాల మీదికి వెళ్ళినప్పుడు ఇది సినిమా కాదు నిజం అని మనమంతా మురిసిపోయాం. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో నిషేధాన్ని సడలించేశారు. కారం చల్లడం తెలిసిన ఆడవాళ్ళకి కూడా మర్నాడు ఏం చెయ్యాలో ఒక్క సినిమాతో తెలియదు.

అందుకే నేను ‘ఉంబర్ఠా’ అంటాను. 1982, జబ్బార్ పటేల్ తీసిన మరాఠీ సినిమా, హిందీలో ‘సుబహ్’. ఉంబర్ఠా అంటే గడప. సులభ బాగా బతికిన ఇంటి కోడలు. సంఘసేవలో చదువుకున్నది, వకీలు భర్త, చిన్న కూతురు. అత్తగారు స్వయంగా సంఘసేవ చేసే మనిషే. ఇంటి పట్టున ఉంటూ చెయ్యదగ్గ సేవ అయితే ఎవరికీ అభ్యంతరం లేదు. సులభకి అది చాలదు. దూరపు ఊళ్ళో స్త్రీల సంరక్షణాలయానికి సూపరింటెండెంట్‌గా ఉద్యోగం వస్తే బిడ్డని తోడికోడలి దగ్గర వదిలి వెళ్తుంది. అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది, ఆ ‘హోమ్’ ఎవరి కోసం నడుస్తోందో. కమిటీ పెద్దలకి లెక్కలు కావాలి, పరువు కావాలి. రాజకీయ నాయకులకి లోపలున్న ఆడవాళ్ళు కావాలి. ఆడవాళ్ళకి ఏం కావాలని అడిగే దిక్కు లేదు.

స్మిత ఈ పాత్రలో ఎక్కడా గొంతు చించుకోదు. ముతక నేత చీర, జుట్టు ముడి, కళ్ళజోడు, ముందర ఫైళ్ళు. తలుపులు తెరిపిస్తుంది, రిజిస్టరు అడుగుతుంది, కమిటీ మీటింగులో నిలబడి మాట్లాడుతుంది. అంతే. ఒక మంచి కార్యకర్తలో ఉండే మొండితనమూ ఉంది, ‘నేను బాగు చేస్తాను వీళ్ళని’ అనే పైనుంచి చూసే చూపూ ఉంది. ఆ రెండూ ఒకే ముఖంలో కనిపించడం ఎంత కష్టమో! లోపలి ఆడవాళ్ళు ఆమెని నమ్మడానికి ఎంత సమయం తీసుకుంటారో చూడండి. నమ్మాక ఆమె వాళ్ళని కాపాడగలిగిందా? లేదు. ఇద్దరు నిప్పంటించుకుని చనిపోతారు, విచారణ వస్తుంది, వేళ్ళన్నీ ఆమె వైపే చూపిస్తాయి. రాజీనామా ఇచ్చి ఇంటికొస్తే, కూతురికి తను కొత్త మనిషి, భర్త జీవితంలో ఇంకొక స్త్రీ. మళ్ళీ గడప దాటి రైలెక్కుతుంది. ఎక్కడికో సినిమా చెప్పదు. కానీ ఇది ‘మర్నాటి’ సినిమా. మొదటి నుంచి చివరి దాకా మర్నాడే.

దీన్ని చూపిస్తే కార్యకర్తల ఉత్సాహం చచ్చిపోతుందని ఒక స్నేహితురాలు వాదించింది. గెలిచే కథ కావాలట. ప్రభుత్వ సదనాల్లో, షెల్టర్లలో పనిచేసే మన అమ్మాయిల్ని అడగండి, వాళ్ళకి ఏ కథ దగ్గరగా ఉందో. 2018లో బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల వసతిగృహం విషయం బయటపడినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ సినిమాయే. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత కూడా అదే గేటు, అదే తాళం, బయట అదే ‘సంస్థ’ బోర్డు.

ఈ సినిమాని కళ్ళకద్దుకోవాల్సిన పని కూడా లేదు. అందులో ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు స్త్రీలున్నారు. కమిటీ వాళ్ళని అసహ్యించుకుంటుంది. సినిమా జాలిపడుతుంది, వైద్యం చెయ్యాల్సిన సంగతిలా చూస్తుంది. సులభ చూపు కూడా అదే. 2018లో సుప్రీంకోర్టు 377 మీద తీర్పు ఇచ్చాక మనం ఆ భాగాన్ని మాట్లాడకుండా దాటెయ్యడానికి వీల్లేదు. చర్చకి పెట్టాల్సింది దాన్నే.

స్మితకి జాతీయ అవార్డులు రెండు వచ్చాయి, ‘భూమిక’కీ ‘చక్ర’కీ. ‘ఉంబర్ఠా’కి రాలేదు.

‘భూమిక’ (1977) మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారంగా తీసినది. మనం స్త్రీ ఆర్థిక స్వాతంత్ర్యం గురించి ఎన్ని తీర్మానాలు చేశాం! డబ్బు చేతికొస్తే మిగతావన్నీ వస్తాయన్నట్టు పొదుపు సంఘాల ఉపన్యాసాల్లో ఇప్పటికీ చెప్తూనే ఉన్నాం. ఉష చిన్నప్పటి నుంచీ సంపాదిస్తుంది. ఇంటిల్లిపాదీ ఆమె సంపాదన మీదే బతుకుతారు. డబ్బు లెక్క మాత్రం భర్త కేశవ్ చేతిలో. అనుమానమూ అతనిదే, మళ్ళీ షూటింగుకి ఒప్పందాలు కుదిర్చేదీ అతనే. విసిగి, ఒక పెద్ద ఇంటాయన నీడకి చేరుతుంది. బొట్టూ కాటుకా పసుపూ, వంటిల్లూ, ఆ ఇంటి పిల్లవాడి ముద్దుమాటలూ. నిజంగా సంతోషంగానే ఉంటుంది! ఇక్కడ స్మిత ముఖం చూడాలి, ఎంత తేలిక పడుతుందో. తర్వాత ఒకరోజు పిల్లవాణ్ణి జాతరకి తీసుకెళ్ళబోతే ఆ ఇంటి ఆడవాళ్ళు బయటికి వెళ్ళకూడదని తెలుస్తుంది. ఆ క్షణంలో ఆమె అరవదు. ముందు అర్థం కాదు, తర్వాత అర్థమవుతుంది, ఆ రెంటికీ మధ్య రెండు మూడు సెకన్లు. అప్పటికి ఆమె వయసు ఇరవై రెండు! అక్కడి నుంచి బయటపడడానికి మళ్ళీ ఆ భర్తనే పిలిపించుకోవాలి. ఎవరి సాయమూ లేని ఆడదానికి ఒక మగవాడి నుంచి తప్పించుకునే దారి ఇంకో మగవాడే అయినప్పుడు, దాన్ని ‘ఎంపిక’ అనడం నాకు చేతకాదు.

‘చక్ర’ (1981) సంగతి వేరు. బొంబాయి మురికివాడలో అమ్మ పాత్ర గొప్పదే. కానీ సినిమాని అమ్ముకున్నది కుళాయి దగ్గర ఆమె స్నానం చేసే బొమ్మతో. గూడు లేని ఆడది రోడ్డు మీద స్నానం చెయ్యడం బతుకు. దాన్ని గోడ మీద అంటించి టిక్కెట్లు అమ్ముకోవడం వ్యాపారం. అశ్లీల పోస్టర్లకి తారు పూసిన రోజుల్లో మనం ఇలాంటి ‘కళాత్మక’ పోస్టర్ల ముందు కొంచెం తటపటాయించాం. తటపటాయించాల్సిన పని లేదు. ‘నమక్ హలాల్’లో వాన పాట గురించి నేను మాట్లాడదల్చుకోలేదు, అది ఆమెకీ ఇష్టమైన పని కాదు.

మన నేల మీది పాత్రలు రెండు చెప్పాలి. ‘నిశాంత్’ (1975) తెలంగాణ గడీ కథ, 1945 నాటిది. బడి పంతులు భార్యని దొర తమ్ముళ్ళు ఎత్తుకుపోతారు. ఆమెగా షబానా ఆజ్మీ అందరికీ గుర్తుంటుంది. అదే గడీలో చిన్న తమ్ముడి భార్య రుక్మిణిగా స్మిత. మాటలు తక్కువ. మొగుడు ఇంకొక ఆడదాన్ని తెచ్చి అదే ఇంట్లో పెడితే, ఆమె కోపం మొగుడి మీదికి వెళ్ళలేక ఆ ఆడదాని మీదికి వెళ్తుంది. చివరికి జనం తిరగబడి గడీ మీద పడినప్పుడు రుక్మిణి కూడా చచ్చిపోతుంది. దొరతనంలో ఆమెకి అధికారం లేదు, శిక్షలో మాత్రం వాటా ఉంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్ళకి తెలుసు, ఆ పోరాటంలో నిలబడ్డ ఆడవాళ్ళకే సరైన చోటు దొరకలేదు. ఇక గడీలోపలి ఆడదాని గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

రెండోది తెలుగులోనే, ‘అనుగ్రహం’ (1978). వాణిశ్రీ కూడా ఉన్న సినిమా. మనవాళ్ళు దీన్ని దాదాపు మరిచిపోయారు. స్మిత భూస్వామి కోడలు పార్వతి. ఆమెలో దేవతని చూసిన మనిషే తర్వాత ఆమె కడుపు మీద తీర్పు చెప్పే అధికారం తనదే అనుకుంటాడు. ఆడదాన్ని పూజించేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ భయం.

‘మంథన్’ (1976) గురించి ఐదు లక్షల మంది పాడి రైతులు మనిషికి రెండు రూపాయలిచ్చి తీయించారన్న సంగతి అందరూ చెప్తారు. 2024లో కాన్స్‌లో మళ్ళీ వేశారు కూడా. నేను చూసేది బిందు బొటనవేలు. ఊరి పాల వ్యాపారి కుట్రతో, మొగుడు ఆమె చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయిస్తాడు. సహకార సంఘం పెట్టడానికొచ్చిన డాక్టర్ తనని చెరిచాడని దొంగ ఫిర్యాదు. ఆ కాగితంలో ఆమె మాట ఒక్కటి లేదు. ఆడవాళ్ళు దొంగ కేసులు పెడతారని ఇప్పుడు గట్టిగా అరిచేవాళ్ళు ఈ దృశ్యాన్ని తమకి సాక్ష్యంగా వాడుకోవచ్చు. మనం అడగాల్సింది ఆ కాగితం రాసిందెవరు అని. పోలీసు స్టేషన్‌లో బాధితురాలి పక్కన కూర్చుని, ఆమె చెప్పేదొకటి రైటరు రాసేదొకటిగా చూసిన ప్రతి కార్యకర్తకీ బిందు తెలుసు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ‘మంథన్’లో దళిత స్త్రీ, ‘సద్గతి’లో చమారు దుఖీ భార్య ఝురియా, ‘జైత్ రే జైత్’లో ఆదివాసీ పిల్ల. వీళ్ళందరినీ చదువుకున్న, పలుకుబడి గల ఇంటి అమ్మాయి నటించింది. తీసినవాళ్ళలోనూ ఆ కులాలవాళ్ళు లేరు. ఆమె నల్లటి ముఖాన్ని మెచ్చుకుంటూనే, ఆ నలుపుని పేదల పాత్రలకే సరిపెట్టారు. దళిత స్త్రీలు 1990ల నుంచీ మనల్ని అడుగుతున్న ప్రశ్నే ఇది, మా బాధ మీ నోటితో ఎందుకు, అని. స్మిత గొప్పతనం ఆ ప్రశ్నకి జవాబు కాదు. అయినా ‘సద్గతి’లో మొగుడి శవం దగ్గర వానలో ఏడ్చే ఝురియాని చూసినప్పుడు ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెడతాను. తర్వాత మళ్ళీ తీస్తాను.

‘అర్థ్’ (1982) గురించి మాత్రం మనతో నాకు పేచీ ఉంది. పెళ్ళాన్ని వదిలేసినవాడి ప్రియురాలు కవితగా స్మిత. మనమంతా వదిలేయబడ్డ పూజ పక్షాన నిలబడి చప్పట్లు కొట్టాం, సబబే. కానీ కవిత రోజురోజుకీ మతి చెదిరిపోతుంటే ‘తగిన శాస్తి’ అన్న మాట మన మధ్య కూడా వినిపించింది. ఆఖరికి కవిత కూడా ఆ మగవాణ్ణి వద్దని పంపేస్తుంది. కౌన్సెలింగ్‌కి వచ్చిన భార్య మాట విని ‘అది’ అంటూ రెండో స్త్రీ గురించి మనమే మాట్లాడిన సందర్భాలు ఎన్ని లేవు? మనోవర్తి లేదు, పేరు లేదు, కనీసం సంఘం గడప తొక్కే ధైర్యం లేని ఆ రెండో మనిషి కూడా ఆడదే. ఆ పాత్రని అంత దయగా, అంత నిజంగా చెయ్యడానికి ఒప్పుకున్నందుకు స్మితకి మనం రుణపడి ఉన్నాం.

వచ్చే శిబిరానికి నా సూచన ఇది. మొదటి రోజు రాత్రి ‘ఉంబర్ఠా’ హిందీ ప్రతి వేద్దాం. రెండున్నర గంటలు ఒక్క బిగిన కాకుండా, హోమ్‌లో మొదటి కమిటీ మీటింగు అయ్యాక ఒకసారి, రాజీనామా దగ్గర ఒకసారి ఆపి మాటలు తెలుగులో చెప్పాలి. ఆ పని నేను చేస్తాను. హోమ్‌లలో పనిచేసేవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి, చర్చ వాళ్ళతో మొదలుపెడదాం. ‘మిర్చ్ మసాలా’ కావాలనేవాళ్ళుంటే చివరి రోజు మధ్యాహ్నం చూడొచ్చు.