మంచినీళ్ల సీసాలో యాసిడ్

2017 జూన్‌లో రెండు తెలుగు రాష్ట్రాలకూ ప్లాస్టిక్ బియ్యం భయం పట్టుకుంది. అన్నం ముద్ద నేలకేసి కొడితే బంతిలా ఎగిరిందంటూ వీడియోలు ఇంటింటికీ చేరాయి. అధికారులు నమూనాలు పరీక్షకు పంపితే అది మామూలు బియ్యమేనని తేలింది. ఆ రోజుల్లో అన్నాన్ని ఉండ చేసి చూసిన తల్లులను నేను తప్పుపట్టను. బిడ్డ నోట్లోకి పోయేదాని గురించి తల్లి కాకపోతే ఇంకెవరు భయపడతారు? నా బాధ వేరే. అదే వంటింట్లో, సింకు కింద, మూత వదులైన మంచినీళ్ల సీసాలో బాత్రూం యాసిడ్ ఉంటుంది. దాని గురించి హెచ్చరిస్తూ ఎవరూ వీడియో పంపరు.

మన ఊళ్లలో ఫినాయిలూ యాసిడూ తోపుడు బండి మీద వీధిలోకే వస్తాయి. వాడి పారేసిన నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో నింపి ఇస్తారు. లేబుల్ ఉండదు. చవక కాబట్టి కొంటాం. యాసిడ్ అమ్మేవాళ్లు రిజిస్టర్ రాయాలని, కొనేవారి గుర్తింపు కార్డు చూడాలని, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదని 2013 జూలైలో యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆడపిల్లల మీద దాడులు ఆపడానికి వచ్చిన ఉత్తర్వు అది. గట్టిగా అమలైతే పసిపిల్లలకూ రక్షణ అయ్యేది. కానీ బండి దగ్గర రిజిస్టరు నాకెప్పుడూ కనబడలేదు.

ఆ సీసాలోంచి గుక్కెడు మింగిన రెండేళ్ల బిడ్డ ప్రాణాలతో బయటపడినా కష్టం అక్కడితో తీరదు. కాలిన అన్నవాహిక మానే క్రమంలో ముడుచుకుని ఇరుకవుతుంది. ముద్ద దిగదు. నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి, మత్తిచ్చి ఆ దారిని మళ్లీ మళ్లీ వెడల్పు చేయిస్తూ ఉండాలి. దాహమేసి, కళ్లముందున్న నీళ్ల సీసా ఎత్తి తాగడంలో ఆ బిడ్డ చేసిన తప్పేముంది?

సీసా మారడం ఎంత దూరం తీసుకెళుతుందో 2013లోనే, అదే జూలైలో, బీహార్‌లోని గండామన్ గ్రామం చూపించింది. బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. ఆ మందు పోసి ఉంచిన డబ్బాలోనే నూనె పోశారన్నది దర్యాప్తులో ముందుకొచ్చిన కారణం. జనం భయం మాత్రం బడి భోజనం మీదికి పోయింది. అక్కడి పిల్లలు అన్నం ముట్టడానికే జంకారు. పత్తి, మిరప పండించే మన ఇళ్లలో సగం వాడిన మందు డబ్బా ఈరోజుకీ పడకగదిలో మంచం కిందో, బియ్యం బస్తా పక్కనో ఉంటోంది.

పురుగుమందంటే ఎంతో కొంత భయమైనా ఉంది. మంచిదనుకునే వస్తువు మీద ఆ భయమూ ఉండదు. గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలే తీసుకోండి. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ఎర్రటి రంగు, పైన చక్కెర పూత. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము. పిల్లల బరువులో కిలోకు 60 మిల్లీగ్రాములు దాటితే ప్రాణాపాయమని వైద్యుల లెక్క. అంటే పది కిలోల బిడ్డకు పది మాత్రలు చాలు. అంతకంటే తక్కువైనా నిర్లక్ష్యం చేయకూడదు. కడుపుతో ఉన్న తల్లి ఇంట్లో ఏడాదిన్నర, రెండేళ్ల పెద్దబిడ్డ తిరుగుతూ ఉండడం మామూలే. ఇందులో ఇంకో మోసం ఉంది. మొదట వాంతులు, విరేచనాలు అవుతాయి. కొన్ని గంటల తరువాత బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది. గండం గడిచిందని ఇంటికి తీసుకొచ్చేస్తారు. లోపల కాలేయం దెబ్బతినడం, రక్తపోటు పడిపోవడం ఆ తరువాత మొదలవుతాయి.

తాతయ్య షుగర్ బిళ్లలదీ ఇదే కథ. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ రకాల్లో ఒక్కటి మింగినా పసివాళ్లకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. దేవుడి గూట్లోని కర్పూరం బిళ్లలు చూడడానికి చక్కెర బిళ్లల్లా ఉంటాయి. ఒక గ్రాము కర్పూరం పసిబిడ్డ ప్రాణం తీయగలదు. మింగిన నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. దేవుడి వస్తువని దాన్ని అనుమానించం.

పిల్లలు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ ప్రాణం మీదికి రాదు, అదీ చెప్పాలి. చేదుకో ఘాటుకో చాలాసార్లు వాళ్లే ఉమ్మేస్తారు. కొత్త చెప్పుల పెట్టెలో తినకూడదని రాసి ఉండే సిలికా జెల్ పొట్లం చూసి హడలిపోతాం. ఆ గింజలు దాదాపు విషం కావు, పొట్లం గొంతుకు అడ్డం పడుతుందన్నదే భయం. దాన్ని చూసి వణికిన ఇంట్లోనే ఐరన్ మాత్రల డబ్బా టీవీ పక్కన మూత తీసి ఉంటుంది. అందుకే నాకు గుబులు.

అన్నిటికంటే ఎక్కువ చేటు మన వైద్యమే చేస్తోంది. పిల్లవాడు ఏదో తాగాడనగానే ఉప్పునీళ్లు పోస్తారు, గొంతులో వేలు పెట్టి కక్కిస్తారు. దోమల మందు సీసాలు చాలావాటిలో పురుగుమందు కొద్దిపాటిదే, మిగిలినదంతా కిరసనాయిలు జాతి నూనె. ఆ నూనె కడుపులో ఉన్నంతసేపు చేసే హాని తక్కువ. కక్కించినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. యాసిడ్ అయితే దిగేటప్పుడు కాల్చిన దారినే పైకి వస్తూ మరోసారి కాలుస్తుంది. ఉప్పు మోతాదు మించితే అదే మెదడును దెబ్బతీస్తుంది. ప్రేమతో, కంగారులో చేసే పనే ఇది, అయినా మానుకోవాలి.

తల్లిదండ్రుల జాగ్రత్త ఒక్కటే చాలదు. ఎంత కాపలా కాసినా రెండు నిమిషాలు కన్ను తప్పుతుంది. అమెరికాలో 1970లో చట్టం చేసి, పిల్లలు తిప్పలేని మూతలు తప్పనిసరి చేశారు. ఆస్పిరిన్ మింగి చనిపోయే పసిపిల్లల సంఖ్య ఆ తరువాత బాగా తగ్గింది. 1997లో ఎక్కువ మోతాదు ఐరన్ మాత్రలను ఒక్కొక్కటిగా విడివిడి ప్యాకింగ్‌లో అమ్మాలన్నారు. ఆ మరణాలూ చాలావరకు ఆగిపోయాయి. మన దుకాణాల్లో ఫినాయిల్ సీసా మూతను మూడేళ్ల బిడ్డ తీసేయగలడు. నొక్కి తిప్పే మూతకయ్యే ఖర్చు ఎంతని? ప్రభుత్వం ఆ నిబంధన తేవాలి, బండి మీద లేబుల్ లేని యాసిడ్ అమ్మకం ఆపించాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నది చేద్దాం. ఈ సాయంత్రమే సింకు కింద చూడండి. తాగే సీసాల్లో ఉన్న యాసిడ్, ఫినాయిల్, కిరసనాయిలు తీసేయండి. మాత్రలు, కర్పూరం తాళం పడే అల్మారాలోకి మార్చండి. ఏదైనా జరిగితే కక్కించకండి. బిడ్డ నోరు తుడిచి, తాగిన సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. అంబులెన్సుకు 108. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. ఈ రెండూ ఫోన్లో ఎక్కించుకోండి, పిల్లలను చూసుకునే అమ్మమ్మ, నానమ్మల ఫోన్లలో కూడా.