అడ్డుగోడ ఖాన్

బంతితో పరుగెత్తేవాడికి పేరొస్తుంది. విసిరేవాడికి డబ్బొస్తుంది. వారి ముందు అడ్డుగోడలా నిలిచే లైన్‌మన్‌కు మిగిలేవి మాత్రం దెబ్బలే. కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఇబ్రహీం 'ఆబీ' ఖాన్ తొమ్మిది సీజన్లు గడిపింది ఆ చోటులోనే. పాకిస్తానీ మూలాలున్న ఈ ఒటావా కుర్రాడిని లీగ్‌లో ఆడిన తొలి ముస్లింగా చెబుతారు.

ఈ ఫుట్‌బాల్ మనం చూసేది కాదు. జట్టుకు 12 మంది. మూడు ప్రయత్నాల్లో బంతిని 10 గజాలు ముందుకు తీసుకెళ్లలేకపోతే అది ప్రత్యర్థుల పరం. బంతి ఉన్న జట్టు తరఫున ముందు వరుసలో ఐదుగురు లైన్‌మన్లు నిలుస్తారు. మధ్యలో ఉండే సెంటర్ బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణమే మీదికొచ్చే భారీకాయుణ్ణి ఆపాలి. విన్నిపెగ్‌లో ఖాన్ పని అదే. సరిగా చేస్తే ఎవరూ గమనించరు. తప్పితే స్టేడియమంతా చూస్తుంది.

2004లో ఆయన చేరిన ఒటావా రెనెగేడ్స్ రెండేళ్లకే మూతపడింది. 2006లో విన్నిపెగ్ బ్లూ బాంబర్స్‌కు మారారు. ఆ మరుసటి ఏడాది పెద్దపేగులో పుండ్లు పడే వ్యాధి బయటపడింది. వరుస శస్త్రచికిత్సలు, కరిగిపోయిన ఒళ్లు. బరువే పెట్టుబడి అయిన లైన్‌మన్‌కు అంతకు మించిన దెబ్బ లేదు. అయినా కోలుకుని మళ్లీ వరుసలో నిలిచారు. 2012లో కాల్గరీతో ఆట ముగించేవరకు గ్రే కప్ మాత్రం ఒక్కసారీ దక్కలేదు.

ఆ తర్వాత విన్నిపెగ్‌లో 'షావర్మా ఖాన్' రెస్టారెంట్ నడిపారు. 2022 మార్చిలో ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ అభ్యర్థిగా ఫోర్ట్ వైట్ ఉప ఎన్నికలో దిగారు. లిబరల్ ప్రత్యర్థి విలార్డ్ రీవ్స్ కూడా ఒకప్పటి బ్లూ బాంబరే. బంతితో దూసుకెళ్లి 1984లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు అనిపించుకున్నవాడు. అలాంటివారికి దారి చేసిపెట్టడమే ఖాన్ వృత్తి. ఈసారి దారివ్వలేదు. 200 లోపు ఓట్ల తేడాతో గెలిచి, మానిటోబా శాసనసభలో తొలి ముస్లిం సభ్యుడయ్యారు.

2023లో పార్టీ అధికారం కోల్పోయింది. 2025 ఏప్రిల్‌లో స్వల్ప తేడాతో ఖాన్‌నే నాయకుడిగా ఎన్నుకుంది. ఆటలో ఆయన బంతిని మరొకరికి అందించి వారిని కాచేవారు. ఇప్పుడు బంతి ఆయన చేతిలోనే ఉంది. కాచే గోడను ఆయనే వెతుక్కోవాలి.