వేయాలా, అందించాలా?

చింతలనార్ పేరు దేశానికంతటికీ తెలిసింది 2010 ఏప్రిల్ 6న. ఆ ఊరికి దగ్గర్లోని తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు హతులయ్యారు. అదే బస్తర్‌లో 2024లో ప్రభుత్వం ‘బస్తర్ ఒలింపిక్స్’ మొదలుపెడితే లక్షన్నరకు పైగా పేర్లు నమోదయ్యాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, విలువిద్య, ఆఖరికి తాడులాగుడుకూ చోటు దక్కింది. బాస్కెట్‌బాల్‌కు మాత్రం దక్కలేదు. వింతేమిటంటే, మహిళా బాస్కెట్‌బాల్‌లో ఛత్తీస్‌గఢ్‌ది గట్టి పేరే. అయితే అది బస్తర్‌కు దూరంగా, తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన భిలాయ్ ఉక్కు పట్టణం తెచ్చిపెట్టిన పేరు. దివంగత కోచ్ రాజేశ్ పటేల్ అక్కడే అమ్మాయిలకు శిక్షణ ఇచ్చారు. దాదాపు ఏడడుగుల పూనమ్ చతుర్వేది ఆయన చేతికింద ఎదిగిన క్రీడాకారిణే.

అంత పొడగరి రింగు కింద నిలబడితే పాయింట్ గార్డ్ ఏం చేయాలి? బంతి ఆమెకు అందించాలి. అక్కడ సందేహం లేదు. చిక్కల్లా అలాంటి పొడగరి లేని జట్టుకే. జట్టులో కురచగా, చురుగ్గా ఉండే పిల్లకు బంతి అప్పగించి, ‘నువ్వు వేస్తావా, వేయిస్తావా’ అని ముందే తేల్చుకోమంటారు. ఎంపిక పోటీల్లో కళ్లకు కనిపించేది పాయింట్లే. అందించిన బంతిని ఎదుటి అమ్మాయి రింగులో వేయలేకపోతే అసిస్ట్ లెక్కలోకి రాదు. పాస్ ఎంత చక్కటిదైనా అంతే. ఇక ఏ పిల్ల పాస్ నేర్చుకుంటుంది?

అమెరికాలో ఈ వాదన ఎప్పటిదో. జాన్ స్టాక్టన్ 19 సీజన్లలో 15,806 అసిస్ట్‌లు ఇచ్చాడు. పాస్‌కు ఆయనే ప్రమాణం. కానీ 1997లో యూటా జాజ్ తొలిసారి ఫైనల్‌కు చేరింది ఆయన పాస్‌తో కాదు, హ్యూస్టన్‌పై ఆఖరి క్షణంలో ఆయనే వేసిన మూడు పాయింట్ల షాట్‌తో. రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌ది ఇంకో కథ. 2016-17లో సగటున 31.6 పాయింట్లు, 10.4 అసిస్ట్‌లు. రెండూ చేశాడు, అయినా జట్టు తొలి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టింది. అన్నీ ఒక్కడి చేతి మీదుగానే నడిస్తే ప్రత్యర్థి పని సులువే మరి.

అసలు కిటుకు స్టెఫెన్ కర్రీ ఆటలో ఉంది. 2015-16లో 402 మూడు పాయింట్ల షాట్లు వేసిన ఆ మనిషి గీత దాటగానే ఇద్దరు మీద పడతారు. అంటే నలుగురు సహచరులకు మిగిలేది ముగ్గురు డిఫెండర్లే. అప్పుడు మామూలు పాస్ కూడా గొప్ప పాస్ అయిపోతుంది. షాట్ వేస్తుందన్న భయమే లేని గార్డ్‌ను ఎవరూ పట్టించుకోరు. ఆమెను కాపలా కాయాల్సిన అమ్మాయి నాలుగడుగులు వెనక్కి జరిగి, పాస్ వెళ్లే దారినే మూసేస్తుంది.

కాబట్టి గార్డ్‌కు ముందు నేర్పాల్సింది షాట్. మ్యాచ్‌లో ముందు వెతకాల్సింది పాస్. ఈ వరుసను తారుమారు చేసే కోచ్‌లే ఎక్కువ. వాలీబాల్ ఆడే బస్తర్ పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. బంతిని నెట్ మీదికి లేపి ఇచ్చే ఆటగాడు అప్పుడప్పుడు తనే అవతలికి తోసేస్తాడు. ఒక్కసారి అలా చేశాడంటే, ఆ తర్వాత అతను చేతులెత్తిన ప్రతిసారీ అవతలి బ్లాకర్ ఒక క్షణం అక్కడే ఆగిపోతాడు.